పురిటిగది గుమ్మంలో నాన్న

మన యిళ్ళల్లో తొలి కాన్పు పుట్టింటివారి వంతు. సీమంతం కాగానే పిల్లను తీసుకుపోతారు. కబురు అందాక అల్లుడుగారు పళ్ళ బుట్టతో చుట్టంలా దిగుతారు. నక్షత్రం బాగులేదని ఎవరన్నా అన్నారా, శాంతి జరిగేదాకా బిడ్డ మొహం చూడనివ్వరు. ఆ తర్వాతైనా ముందు నూనెలో నీడ చూడాల్సిందే! తొమ్మిది నెలలు ఎదురుచూసిన తండ్రికి దక్కేది అదీ.

పుట్టిల్లు వద్దని నేననను. అమ్మ చేతి పథ్యం, కంటినిండా నిద్ర ఇంకెక్కడ దొరుకుతాయి చెప్పండి? అయితే కాన్పు యింట్లోంచి ఆస్పత్రికి మారింది. అర్ధరాత్రి రక్తం కావాలన్నా, పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాలన్నా పరుగెత్తవలసిన మనిషి ఏ వూళ్ళోనో వుంటే ఎలా?

నొప్పుల సమయంలో ప్రభుత్వాస్పత్రుల్లో ఒక తోడును వుండనివ్వవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో చెప్పింది. ఆడమనిషైతే మంచిదంటూనే, మిగతా స్త్రీల చాటుకు భంగం లేనిచోట భర్తనూ రానివ్వవచ్చన్నది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, తోడెవరన్నది ఆ తల్లి కోరుకున్నట్టే జరగాలన్నది. నాకు యీ రెండో మాటే నచ్చింది. కానీ తెరలు లేకుండా వరసగా బల్లలు వేసిన గదిలో పరాయి మగవాడు నిలబడితే, పక్క బల్లమీది ఆమె గతి ఏమిటి? ముందు తెరలు కట్టించాలి.

లోపలికి వెళ్ళి ఆయన చేసేదేముంది అంటారా? తొలిచూలు నొప్పులు 12 గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే వుంటాయి. అంతసేపూ నర్సమ్మ పక్కన కూర్చోలేదు. నడుం రాయటం, పట్టుకు నడిపించటం, గుక్కెడు నీళ్ళివ్వటం, చేయి వదలకపోవటం చదువు అక్కర్లేని పనులు. తోడున్న తల్లులకు కాన్పు కాస్త త్వరగా అవుతుందనీ, ఆపరేషన్లు తగ్గుతాయనీ పరిశోధనలు చెపుతున్నాయి. రక్తం చూసి తామే కళ్ళు తిరిగి పడిపోయే మహానుభావులూ వుంటారనుకోండి! అలాంటివారు గుమ్మం బయట వుంటేనే మేలు. ఆయన ఎదుట సిగ్గుపడే ఆడపిల్లను బలవంతపెట్టనూ కూడదు. అమ్మనే పిలవమంటే అమ్మనే పిలవాలి.

బరువు తక్కువగా పుట్టిన బిడ్డను వొంటికి వొళ్ళు ఆనేలా గుండెలకు హత్తుకోవటం తండ్రీ చేయవచ్చు. కేంద్రప్రభుత్వ వుద్యోగికి, బిడ్డ పుట్టిన ఆరు నెలల లోపల వాడుకోవటానికి 15 రోజుల సెలవుంది. కూలిపనికి పోయే తండ్రికి అదీ లేదు. ఏ రోజు మానితే ఆ రోజు గంజి తగ్గుతుంది.

అందుకే కాన్పుదాకా ఆగకండి. నెలనెలా పరీక్షకు వెళ్ళేటప్పుడు ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టక లోపలికి పిలవండి. విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకలు, మొహం చేతులు వాయటం, రక్తం కనపడటం, వీటిలో ఏది వచ్చినా క్షణం ఆగకూడదని డాక్టరమ్మ నోటే విననివ్వండి. మీది నెగటివ్ గ్రూపు రక్తమైతే, ఆయన గ్రూపు కూడా ఆ రోజే పరీక్ష చేయించండి.