తునికాకు ఏరే చూపు

వేసవి రాగానే దుమ్ముగూడెం, చర్ల వైపు ఊళ్లు తెల్లవారకముందే తునికాకు కోసం అడవి బాట పడతాయి. కోసిన ఆకు 50 చొప్పున కట్టలై కల్లానికి చేరుతుంది. మరీ లేత ఆకు బీడీకి పనికిరాదు, ముదిరింది చుడితే పగులుతుంది, చిల్లుపడ్డది కల్లం దగ్గర ఆకు చూసుకునే కల్లెదారు పక్కన పడేస్తాడు. పచ్చటి పొదలో సరిగ్గా కావలసిన ఆకు మీదికే చెయ్యి పోవడం చూసినవాళ్లు, ఆకు ఏరే కోయ గిరిజనుల కళ్లు చురుకని తేల్చేస్తారు. మెచ్చుకోలుగా అన్నా అది తప్పు మాటే. ఆ చురుకుదనం కళ్లది కాదు, చూపును ఎక్కడికి పంపాలో నిర్ణయించే మెదడుది. అది నేర్చుకున్న విద్య అన్నదే నా వాదన.

రెటీనా నడుమనున్న చిన్న గుంట మీద పడినదే మనకు స్ఫుటంగా కనిపిస్తుంది. చెయ్యి చాచి చూస్తే బొటనవేలి గోరంత మేర, అంతే. చుట్టూ ఉన్నది మసక. అందుకే కన్ను సెకనుకు మూడు నాలుగుసార్లు చోటు మారుతుంది. ఎక్కడికి మారాలో బయటి వెలుతురు ఒక్కటే చెప్పదు. సోవియట్ శాస్త్రవేత్త యార్బస్ ఒకే చిత్రాన్ని చూపి, ఒకసారి అందులోని మనుషుల వయసులు, మరోసారి వాళ్ల కలిమిలేములు అంచనా వేయమన్నాడు. ప్రశ్న మారినప్పుడల్లా చూపు నడిచిన దారి మారింది. 1980లో ఆన్ ట్రీస్మన్, గెలాడ్ మరో మెలిక చూపారు: ఆకుపచ్చ గుర్తుల నడుమ ఒక్క ఎర్ర గుర్తు, ఎన్ని ఉన్నా వెంటనే కనబడుతుంది, రెండు లక్షణాలు కలిస్తేనే తేలేదాన్ని మాత్రం ఒక్కొక్కటే తడుముకోవాలి. తునికాకు ఈ రెండో కోవది. పచ్చలో పచ్చ, సైజూ, మెత్తదనమూ, చిల్లూ కలిపి చూడాలి. ఆకు ఆకూ తడిమితే పొద్దు చాలదు. కొట్టిన మోడు ఎక్కడ కొత్త చిగురేస్తుందో తెలిసినవాళ్లు వెతికే మేరనే కుదించుకుంటారు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. 1996లో సైమన్ థోర్ప్ బృందం ఫొటోలను కేవలం 20 మిల్లీసెకన్లు చూపితే, వాటిలో జంతువు ఉందో లేదో చూసేవాళ్ల మెదడు 150 మిల్లీసెకన్లలోనే తేల్చింది. ఇంత వేగానికి నేర్పెందుకని అడగవచ్చు. కానీ వాళ్లకు జంతువు కోసం చూడమని ముందే చెప్పారు. పైగా ఉందని తెలియడం వేరు, ఎక్కడుందో పట్టడం వేరు. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: తెలిసినదాన్నే వెతికే చూపు తెలియనిదాన్ని వదిలేయదా? వదిలేస్తుంది. 2013లో 24 మంది రేడియాలజిస్టులు ఊపిరితిత్తుల స్కాన్లలో గడ్డలు వెతుకుతుంటే, వాటిలో కావాలని చొప్పించిన, మామూలు గడ్డకు 48 రెట్లున్న గొరిల్లా బొమ్మను 20 మంది చూడలేదు. వారిలో చాలామంది కళ్లు సూటిగా దాని మీదే నిలిచాయి కూడా. ఇది నా వాదనకు ఎదురు కాదు, ఆసరా: కన్ను చేరినా మెదడు పట్టించుకోనిది కనబడదు. స్కానులో గడ్డను పట్టుకున్న డాక్టరుది చదువంటాం, ఆకు పట్టిన కోయ మహిళది కంటిచురుకంటాం. ఈ తేడా చూపించడం అన్యాయం. కట్టకు లెక్కగట్టే కూలిలో ఆ విద్యకు విలువే లేదు.

చూపు నేర్చుకునే విద్య అన్నది కిన్నెరసాని అభయారణ్యంలో పులుల అడుగుజాడలు వెతికేవాళ్లకూ వర్తిస్తుంది. పులి జాడ అరుదు. అరుదైనదాన్ని మెదడు త్వరగా లేదనేస్తుంది. 2005లో జెరెమీ వుల్ఫ్ బృందం చేసిన ప్రయోగంలో, సగం చిత్రాల్లో వెతికే వస్తువున్నప్పుడు 7 శాతం తప్పిపోతే, నూటికి ఒక చిత్రంలోనే ఉన్నప్పుడు 30 శాతం తప్పిపోయాయి. నడుమ నడుమ వస్తువు తరచు కనిపించేలా, తప్పొప్పులు చెబుతూ కాసేపు సాధన చేయిస్తే ఆ తప్పులు తగ్గాయని 2007లో వాళ్లే చూపారు. కనుక పులుల లెక్కకు బయలుదేరే ప్రతి ఉదయమూ తడి ఇసుకలో కావాలని వేసిన అచ్చుల మీద సిబ్బంది చేత కొంతసేపు సాధన చేయించాలి. ఆ సాధన నేర్పే బాధ్యతను, తగిన జీతమిచ్చి, ఆ అడవి ఊళ్ల కోయ పెద్దలకే అప్పగించాలి.