మొలల వ్యాధి: చెప్పుకుంటే సగం నయమైనట్టే
(వార్షిక సభలో ఒక సర్జన్ చేసిన ప్రసంగ పాఠం)

 

నాకిచ్చిన విషయం సభలో మాట్లాడడానికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది. మొలలు, పైల్స్, మన ఇళ్ళల్లో బవాసీర్. నలుగురిలో చెప్పుకోలేకపోవడం వల్లే ఈ జబ్బు ముదురుతోంది. అందుకే సూటిగా మాట్లాడతాను.

ఆమధ్య ఒక ఉచిత శిబిరానికి బీడీలు చుట్టే ఒక ఆపా వచ్చారు. “నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఏదైనా టానిక్ రాయండి డాక్టర్ సాబ్” అన్నారు. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 6. ఆడవాళ్ళకు కనీసం 12 ఉండాలి. నర్సు పక్కకు తీసుకెళ్ళి అడిగితే అప్పుడు చెప్పారు, మూడేళ్ళుగా విరేచనంలో రక్తం పోతోందని. భర్తకు కూడా చెప్పలేదట. రక్తం ఎక్కించాం. పెద్దపేగు పరీక్ష చేయించి, మొలలేనని తేలాక రబ్బరు బ్యాండ్లు వేశాం. అదే రోజు ఇంటికి వెళ్ళారు. మూడేళ్ళ బాధకు చికిత్స పట్టిన సమయం కొద్ది నిమిషాలు!

మలద్వారం లోపల రక్తనాళాలతో కూడిన మెత్తటి పొరలు అందరికీ ఉంటాయి. మలబద్ధకం, ముక్కడం, గర్భం, గంటల తరబడి కూర్చునే పని వల్ల అవి ఉబ్బి కిందికి జారితే వాటినే మొలలంటాం. లోపలి మొలలకు సాధారణంగా నొప్పి ఉండదు, ఎర్రటి రక్తం చుక్కలుగా పడుతుంది. బయటి మొలలో రక్తం గడ్డకడితే కూర్చోలేనంత నొప్పి. అప్పుడు రెండు మూడు రోజుల్లోపే డాక్టరు దగ్గరికి రావాలి. బ్లేడుతో కోసినట్టు మంట ఉంటే అది చాలావరకు ఫిషర్. పక్కన పుండై చీము కారుతుంటే ఫిస్టులా. వీటి చికిత్సలు వేరు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. రక్తం పడితే మొలలేనని మీకు మీరే తేల్చుకోవద్దు. పెద్దపేగు క్యాన్సర్‌లోనూ రక్తం పడుతుంది. రక్తం మలంలో కలిసి వస్తున్నా, మలం నల్లగా ఉన్నా, బరువు తగ్గుతున్నా, విరేచనం అలవాటు మారినా, వయసు నలభై దాటినా, ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చి ఉన్నా పరీక్ష తప్పనిసరి.

మొలలన్నిటికీ ఆపరేషన్ అక్కర్లేదు. మొదటి దశల్లో తిండి మార్పు, ఇసబ్‌గోల్, రోజుకు రెండు మూడుసార్లు పది పదిహేను నిమిషాలు గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోవడం, ఇవే చాలామందికి సరిపోతాయి. తగ్గకపోతే బ్యాండ్లు. బయటికి జారి లోపలికి పోని మొలలకు ఆపరేషన్. “ఒక్క సూదితో మాయం” అని గోడల మీద రాసుకునేవారి దగ్గరికి మాత్రం వెళ్ళకండి. అక్కడ మందు వికటించి చీము పట్టినవాళ్ళను, దారి మూసుకుపోయినవాళ్ళను నేను చూశాను.

ఇక రాకుండా జాగ్రత్తలు. మాంసంలో పీచు ఉండదు. దావత్‌లో బిర్యానీ తినండి, కాదనను. మర్నాడు జొన్నరొట్టె, ఆకుకూర, జామపండు తినండి. నీళ్ళు బాగా తాగండి. రంజాన్‌లో ఇఫ్తార్ నుంచి సహరీ దాకా కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి, సహరీలో ఒక్కసారే చెంబెడు తాగితే సరిపోదు. విరేచనం వచ్చినప్పుడు ఆపుకోవద్దు. ఫోను పట్టుకుని బాత్రూంలోకి పోవద్దు. కమోడ్ వాడేవారు కాళ్ళకింద చిన్న పీట వేసుకుంటే ముక్కే పని తగ్గుతుంది.

దాతలకు చివరగా ఒక మనవి. మీ సొమ్ముతో శిబిరాలు నడుస్తున్నాయి, మందులు అందుతున్నాయి. ఆ శిబిరంలో ఒక మూల పరదా కట్టి, లోపల ఒక లేడీ డాక్టరును కూర్చోబెట్టండి. ఈ పరీక్షకు కావలసిన పరికరం పెద్ద ఖరీదైనదేమీ కాదు. ఆ ఆపాకు ఆ పరదా మూడేళ్ళ కిందటే దొరికి ఉంటే, రక్తం ఎక్కించే దాకా వచ్చేది కాదు.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక అమ్మీనో, బేగంనో, అబ్బాజాన్‌నో ఒక్కసారి అడగండి. అడిగితే చెబుతారు. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక.