నొప్పి మందు – రాబందు – మన కిడ్నీలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో పశువైద్య శాఖ విశ్రాంత అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని నన్ను ఆదేశించారు. నేను మనుషుల డాక్టరును కాను. ముప్పయి నాలుగేళ్లు పశువులకు వైద్యం చేసినవాణ్ణి. అందుచేత నా చేతి మీదుగా నడిచిన ఒక మందు కథ చెబుతాను. చివరికి అది నా ఒంటి మీదికే వచ్చింది.

ఆ మందు పేరు డైక్లోఫెనాక్. మోకాళ్ల నొప్పులకు, ఆపరేషన్ తరువాతి నొప్పికి మనలో చాలామంది వాడినదే. 1970లలో మనుషుల కోసం వచ్చింది. 1990లలో మన దేశంలో పశువులకూ వాడుకలోకి వచ్చింది. కుంటే ఎద్దుకు, పొదుగు వాచిన గేదెకు ఒక సూది వేస్తే మర్నాటికి లేచి తిరిగేది. ఖరీదూ తక్కువే. రైతు సంతోషించేవాడు, నేనూ సంతోషించేవాణ్ణి. ఎన్ని వందల సూదులు వేశానో లెక్కలేదు.

నేను 1978లో ఉద్యోగంలో చేరినప్పుడు, చచ్చిన పశువును ఊరి బయట పడవేస్తే గంటలోపు రాబందుల గుంపు ఎముకలు మాత్రం మిగిల్చేది. సుమారు 2000 ప్రాంతంలో, తోలు తీసే పెద్దాయన ఒకరు నాతో అన్నారు: "సారూ, తోలు తీసి రెండు రోజులైంది. ఒక్క రాబందు వాలలేదు. కుక్కలే పీక్కు తింటున్నాయి." ఎక్కడికో వలస పోయి ఉంటాయిలే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

అవి వలస పోలేదు, చచ్చిపోయాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త ఈ తగ్గుదలను ముందుగా గుర్తించి 1999లో ప్రకటించారు. 1992 నుంచి 2007 నాటికి తెల్లవీపు రాబందులు నూటికి 99 పైగా తగ్గిపోయాయి. పొడవు ముక్కువి, సన్నముక్కువి దాదాపు 97 వంతులు తగ్గాయి. మొదట అంటురోగం అనుకున్నారు, పురుగు మందులు అనుకున్నారు. లిండ్సే ఓక్స్ అనే అమెరికా పశువైద్యుడు, ఆయన సహచరులు పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి పరీక్షించి 2004లో అసలు కారణం తేల్చారు. లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుపోయి చచ్చిన 25 పక్షుల కిడ్నీల్లోనూ డైక్లోఫెనాక్ దొరికింది. వేరే కారణాలతో చచ్చిన 13 పక్షుల్లో ఒక్కదానిలోనూ లేదు.

అదే మందు మనకు, గేదెకు మేలు చేసి రాబందును ఎలా చంపింది? మందు పని సగమే. దానిని విరిచి బయటికి పంపే పని ఒంటిది. మనం మింగిన డైక్లోఫెనాక్‌ను కాలేయం విరుస్తుంది. మిగిలినది మూత్రంలోను, పైత్యరసంలోను పోతుంది. పశువుకు కొద్ది రోజులు పడుతుంది. ఆ కొద్ది రోజుల్లోనే పశువు చచ్చి, రాబందు తింటే, మందు దాని ఒంట్లోకి చేరుతుంది. దాని కిడ్నీ ఆ మందుకు తట్టుకోలేదు. పక్షులకు ఒంట్లోని మలినం యూరిక్ ఆమ్లంగా పోవాలి. కిడ్నీ ఆగితే అది లోపలే గడ్డకడుతుంది. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది.

వందల పక్షులు ఒక్క కళేబరం మీద వాలతాయి. అందుచేత వందలో ఒక్క కళేబరంలో మందు ఉన్నా జాతి నశించడానికి సరిపోతుందని లెక్కతేలింది. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. పోయినవి తిరిగి రావడానికి తరాలు పడుతుంది.

నష్టం వాటికే కాదు. కళేబరాలు కుళ్లాయి, కుక్కలు పెరిగాయి, నీరు చెడింది. రాబందులు పోవడం వల్ల 2000 నుంచి 2005 వరకు మన దేశంలో అదనంగా సుమారు అయిదు లక్షల మంది చనిపోయి ఉంటారని 2024లో ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

ప్రభుత్వం 2006లో పశువుల డైక్లోఫెనాక్‌ను నిషేధించింది. మెలాక్సికామ్ రాబందులకు హాని చెయ్యదని ఆ ఏడాదే తేలింది. అయినా మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలను పశువులకు వాడుతూ వచ్చారు. అందుకని 2015లో ఆ సూదిమందును 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు సీసాకే పరిమితం చేశారు. ఎసిక్లోఫెనాక్ అనే మరో మందు పశువు ఒంట్లోకి పోగానే డైక్లోఫెనాక్‌గానే మారిపోతుందని పరిశోధనలో తేలింది. దానిని, కీటోప్రొఫెన్‌ను 2023లో పశువులకు నిషేధించారు. ఆ తరువాత నిమెసులైడ్‌ను కూడా.

ఇక నా సంగతి. 2016లో నాకు హెర్నియా ఆపరేషన్ అయింది. నొప్పికి అయిదు రోజులకు మాత్రలు రాశారు. ఎసిక్లోఫెనాకే. అవి వేసుకుంటే మోకాళ్ల నొప్పి కూడా హాయిగా తగ్గింది. పాత చీటీ చూపించి రెండు నెలలు కొని మింగాను. బి.పి. మాత్రలు వేసుకుంటున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. కాళ్లు వాచాయి, మూత్రం తగ్గింది. పరీక్ష చేస్తే క్రియాటినిన్ 2.9. మాత్రలు ఆపించారు. కొన్ని వారాలకు 1.5కు దిగింది, అక్కడే నిలిచింది. గేదెకు సూది వేసే ముందు చూలుతో ఉందా, మేత తింటోందా అని అడిగేవాణ్ణి. నాకు నేను వేసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగలేదు.

వయసు మీద పడితే కిడ్నీ శక్తి తగ్గుతుంది. ఈ నొప్పి మందులు కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. కొన్ని రకాల బి.పి. మాత్రలు, నీరు పోయే మాత్రలు తోడైతే, పైగా ఆపరేషన్ తరువాత నీళ్లు సరిగా తాగకపోతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అలాగని నొప్పిని పళ్ల బిగువున భరించమని నేను చెప్పను. నొప్పితో గట్టిగా ఊపిరి తీయక, దగ్గక, మంచం దిగక ఉంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. రాసిన మందు, రాసినన్ని రోజులు వేసుకోండి. అంతే.

మీకు నా మనవి ఇది. డాక్టరుకు మీరు వాడే మాత్రలన్నీ చూపించండి. కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. పేర్లు మారినా మందు అదే కావచ్చు. మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా, మలం నల్లగా వచ్చినా వెంటనే చూపించుకోండి. మిగిలిన మాత్రలు పక్కింటివారికి దానం చెయ్యకండి. ఊళ్లో పాడి ఉన్నవారు పశువుకు మెలాక్సికామ్ అడగండి. రాబందుకు క్షేమం కదా అని అది మన కిడ్నీకీ క్షేమమనుకోకండి, అదీ ఈ జాతి మందే.

తోలు తీసే ఆ పెద్దాయన చూసినది నేను చూడలేదు. మీరు మీ ఒంట్లో వచ్చే మార్పును చూడండి, పెద్దల మాటే కాదు, చిన్నవారి మాటా వినండి.