సముద్రం మీద తేలిన ఉత్తరం
(మహిళల చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)



మీరంతా ఈ మధ్యనే చదవడం, రాయడం నేర్చుకున్నారు. ఇవాళ మీకు ఒక ఊరి సంగతి చెబుతాను. ఆ ఊళ్లో ఇప్పుడు ఒక్క కాపురం కూడా లేదు. అయినా ఆ ఊరి కథ మనకు పనికొస్తుంది.

మన శామీర్‌పేట చెరువు మీరంతా చూసిందే. ఆ చెరువు నడుమ ఒక గుట్ట ఉందనుకోండి. గుట్ట మీద ఒక ఊరు ఉందనుకోండి. చెరువుకు బదులు చుట్టూ సముద్రం ఉందనుకోండి. అలాంటి ఊరే సెయింట్ కిల్డా.

అది ఎక్కడుంది? స్కాట్లాండ్ అనే చల్లని దేశం ఉంది. దానికి పడమర దిక్కున, సముద్రంలో ఉంది. శామీర్‌పేట నుంచి సిద్దిపేట ఎంత దూరమో, దగ్గరి ఊరు దాదాపు అంత దూరం. కానీ మధ్యలో రోడ్డు లేదు, బస్సు లేదు. అంతా సముద్రమే. చలికాలంలో నెలల తరబడి పడవ రాదు. అప్పుడు పగలు ఏడు గంటలు కూడా ఉండదు. ఈదురు గాలికి చెట్టు నిలవదు. ఆ దీవిలో చెట్లే లేవు.

దీవి మొత్తం సుమారు 1,650 ఎకరాలు. అక్కడ రెండు వేల ఏళ్లకు పైగా మనుషులు బతికారు. ఏం తిని బతికారు? కొంచెం బార్లీ, ఆలుగడ్డలు పండించేవారు. గొర్రెలు, ఆవులు ఉండేవి. కానీ ముఖ్యమైన తిండి సముద్రపు పక్షులు, వాటి గుడ్లు. ఆ పక్షులు కొండ అంచుల్లో గూళ్లు పెడతాయి. అక్కడి కొండ ఎత్తు 430 మీటర్లు. ఏడు చార్మినార్లను ఒకదాని మీద ఒకటి పెట్టినా అంత ఎత్తు రాదు. మన గౌడన్నలు మోకు కట్టుకొని తాడిచెట్టు ఎక్కుతారు కదా! అక్కడి మగవాళ్లు నడుముకు తాడు కట్టుకొని కొండ అంచు మీదుగా కిందికి దిగేవారు. చెప్పులు లేకుండా, ఒట్టి కాళ్లతో. తాడు తెగితే మనిషి సముద్రంలోకే.

ఆడవాళ్ల కష్టం తక్కువా? కాదు. బరువులు మోసేది వాళ్లే. పాలు పితికేది, తిరగలి తిప్పేది, ఉన్ని వడికేది వాళ్లే. రోజూ పొద్దుగాల ఊరి మగవాళ్లంతా వీధిలో కూడి ఆ రోజు పని ఏమిటో మాట్లాడుకునేవారు. ఆ మాటల్లో ఆడవాళ్లకు చోటు లేదు. పనిలో మాత్రం చోటు ఉంది! ఇది మీకు కొత్త సంగతి కాదు.

ఆ దీవికి ఒక దొర ఉండేవాడు. ఆయన వేరే దీవిలో ఉండేవాడు. ఆయన గుమాస్తా ఏడాదికొకసారి వచ్చి కౌలు వసూలు చేసుకొని పోయేవాడు. కౌలు డబ్బుల్లో కాదు. పక్షి ఈకలు, పక్షి నూనె, ఉన్ని బట్ట ఇవ్వాలి.

ఇప్పుడు మనసు బరువెక్కే సంగతి ఒకటి చెప్పాలి. 1800 తర్వాతి కాలంలో ఆ ఊళ్లో పుట్టిన పిల్లల్లో సగానికి పైగా వారం, పది రోజుల్లోనే చనిపోయేవారు. బిడ్డ బాగానే పుడుతుంది. నాలుగైదు రోజులకు పాలు తాగడం మానేస్తుంది. దవడలు బిగుసుకుపోతాయి. ఒళ్లు విల్లులా వంగిపోతుంది. ఎనిమిదో రోజుకల్లా ప్రాణం పోతుంది. "దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు" అనుకునేవారు.

అది దేవుడి పని కాదు. ధనుర్వాతం. మట్టిలో, పేడలో ఉండే క్రిమి బొడ్డు కోసిన చోటు నుంచి బిడ్డ ఒంట్లోకి పోతుంది. ఆంగస్ ఫిడెస్ అనే పాస్టరు ఆ ఊరికి వచ్చాడు. ఇంతమంది పసివాళ్లు పోవడం చూసి ఊరుకోలేకపోయాడు. గ్లాస్గో పట్నం పోయి, కాన్పు శుభ్రంగా ఎలా చేయాలో నేర్చుకొని వచ్చాడు. మొదట ఊరి వాళ్లు ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకున్నారు. 1890ల మొదట్లో ఆ చావులు ఆగిపోయాయి. పెద్ద ఆసుపత్రి కట్టలేదు. శుభ్రమైన చేతులు, శుభ్రమైన కత్తి, మందు. అంతే.

మన దేశంలో కూడా ఎందరో పసిపిల్లలు ఇలాగే పోయారు. మీ అత్తలను, అమ్మమ్మలను అడగండి, చెబుతారు. టీకాలు వచ్చాయి. ఆసుపత్రి కాన్పులు పెరిగాయి. 2015లో, తల్లులకు, పసిబిడ్డలకు వచ్చే ధనుర్వాతం మన దేశంలో దాదాపు పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మన మేడ్చల్, శామీర్‌పేట పక్కనే టీకాలు తయారుచేసే కంపెనీలు ఉన్నాయి. వాటిలో పనికి పోయే అక్కలు మీలో కూడా ఉండొచ్చు. కడుపుతో ఉన్న ప్రతి తల్లీ ధనుర్వాతం సూది వేయించుకోవాలి. ముందు దాన్ని టీటీ అనేవారు, ఇప్పుడు టీడీ అంటున్నారు.

మళ్లీ దీవికి పోదాం. ఆ ఊళ్లో ఆపద వస్తే బయటికి ఎలా చెప్పాలి? ఫోను లేదు, తపాలా లేదు. 1877లో ఒక విదేశీ ఓడ అక్కడ పగిలిపోయింది. ఓడ మనుషులు దీవిలో చిక్కుకున్నారు. ఊళ్లో ఉన్న తిండే తక్కువ. అందరూ పంచుకొని తింటున్నారు. జాన్ శాండ్స్ అనే విలేకరి కూడా అక్కడే చిక్కుకున్నాడు. ఆయన ఒక ఉత్తరం రాసి, నీళ్లలో తేలే ఓడ చక్రానికి కట్టి సముద్రంలో వదిలాడు. అది కొద్ది రోజుల్లోనే వేరే దీవి ఒడ్డుకు చేరింది. ఎవరో చూశారు, చదివారు. ఓడ వచ్చి వాళ్లను తీసుకుపోయింది.

ఆ తర్వాత ఊరి వాళ్లూ అలాగే చేశారు. చిన్న చెక్కను పడవలా చెక్కి, గుంత తొలిచేవారు. అందులో ఉత్తరం పెట్టి మూసేవారు. గాలి నింపిన గొర్రెతోలు తిత్తి కట్టి, గాలి వాటం చూసి నీళ్లలో వదిలేవారు. కొన్ని ఉత్తరాలు నార్వే దేశం దాకా పోయాయి. చూశారా! అరవై ఆమడల అవతలికి అరుపు వినపడదు. అక్షరం మాత్రం చేరింది.

కాలం మారింది. ఓడల్లో యాత్రికులు రాసాగారు. డబ్బు వచ్చింది, కొత్త జబ్బులూ వచ్చాయి. కుర్రవాళ్లు పట్నం దారి పట్టారు. కొండలు దిగే చేతులు, పడవ లాగే చేతులు తగ్గిపోయాయి. 1930 నాటికి ఊళ్లో మిగిలింది 36 మంది. ఆ ఏడాది చలికాలంలో కడుపుతో ఉన్న ఒక పడుచు పిల్లకు జబ్బు చేసింది. సముద్రం పోటు మీద ఉండి రోజుల తరబడి పడవ రాలేదు. చివరికి ఆసుపత్రికి చేర్చినా తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

ఊరు ఆలోచనలో పడింది. విలియమీనా బార్‌క్లే అనే నర్సు వాళ్లతో మాట్లాడింది. 1930 మే 10న సర్కారుకు ఒక ఉత్తరం రాశారు. "మేమిక ఇక్కడ బతకలేము, మమ్మల్ని వేరే చోటికి తరలించండి" అన్నది దాని సారం. ఇరవై మంది సంతకాలు చేశారు. ఆడవాళ్లు కూడా చేశారు. వీధి మాటల్లో చోటు లేని ఆడవాళ్లకు ఆ కాగితం మీద చోటు దొరికింది.

ఆగస్టు 29న ఊరు విడిచే రోజు వచ్చింది. ప్రతి ఇంట్లో బైబిలు తెరిచి పెట్టారు. పక్కన గుప్పెడు గింజలు పోశారు. తలుపులు మూసి ఓడ ఎక్కారు. ఆ రోజు ఓడ ఎక్కిన ఎనిమిదేళ్ల పాప రేచల్ జాన్సన్, 2016లో 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆమెతో ఆ ఊరి చివరి మనిషి పోయారు. మగవాళ్లలో కొందరికి సర్కారు అడవిలో పని ఇచ్చింది. పుట్టి బుద్ధెరిగాక చెట్టు చూడని మనుషులకు చెట్లు నాటే పని! సుఖపడ్డవాళ్లు ఉన్నారు, బెంగపడ్డవాళ్లూ ఉన్నారు. కానీ ఏం రాశారో తెలిసే సంతకం చేశారు.

మా మేనత్త అలా చేయలేదు. ఆమెకు చదువు రాదు. "పింఛను కాగితం" అంటే నమ్మి వేలిముద్ర వేసింది. ఎకరం చెలక చేయి దాటిపోయింది. ఇప్పుడు ఆ చెలకలో పెద్ద పెద్ద ఇళ్లున్నాయి. మన మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ గజం భూమికి ఎంత ధర ఉందో మీకు తెలుసు. కాబట్టి అక్కలారా, ఎవరు కాగితం తెచ్చినా తొందరపడొద్దు. కూడబలుక్కొనైనా సరే, మొత్తం చదవండి. అర్థం కాకపోతే ఇంకొకరితో చదివించుకోండి. ఆ తర్వాతే సంతకం.

ఇంకొక మాట. ఇంటికి పోయి ఒక ఉత్తరం రాయండి. మీ గల్లీలో నల్లా రావడం లేదా? మురికి కాలువ నిండిందా? అదే రాయండి. తప్పులు పోతే పోనీయండి. కింద మీ పేరు పెట్టండి. ఆ దీవి వాళ్లు సముద్రాన్ని నమ్మి ఉత్తరం వదిలారు. మన ఆఫీసు ఇక్కడే ఉంది. నడిచిపోయి చేతికిచ్చి రావచ్చు.

సెలవు.