లేసు అల్లిక: ఎవరి తీరిక?

లాస్ ఏంజెలెస్‌లో 'లిటిల్ నిటరీ' అనే ఊలు దుకాణంలో కలుసుకునే ఆడవాళ్ల మధ్య 2016 చివర గులాబీరంగు టోపీల ఆలోచన పుట్టింది. అల్లే పద్ధతిని దుకాణం యజమాని క్యాట్ కోయిల్ తయారుచేస్తే అందరికీ ఉచితంగా పంచారు. 2017 జనవరి 21న వాషింగ్టన్ ప్రదర్శనలో వేలాది తలల మీద ఆ టోపీలే. ఆ గులాబీరంగు అందరు స్త్రీలదీ కాదన్న నల్లజాతి, ట్రాన్స్ స్త్రీల విమర్శ న్యాయమైనదే. అయినా వాళ్లకి కలిసి కూర్చునే చోటంటూ ఒకటుంది.

అదే క్రోషె సూదితో లేసు అల్లే మన నరసాపురం స్త్రీల సంగతి వేరు. మరియా మీస్ 1982 నాటి తన పుస్తకంలో చూపించారు: దళారి ద్వారా దారం ఇంటికే వస్తుంది. ఒకామె పువ్వులు అల్లుతుంది, మరొకామె అతుకుతుంది. సరుకు ఎక్కడికి పోతుందో ఇద్దరికీ తెలియదు. రోజుకి 6 నుంచి 8 గంటలు అల్లినా దాని పేరు 'తీరిక వేళ పని'. తీరికట! వంటా, నీళ్లూ, పిల్లలూ అయ్యాక మిగిలే తీరిక. గృహిణి అన్న ఆ ముద్రతోనే కూలి తగ్గించగలిగారు.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గుర్తింపు సరుకుకి వచ్చింది.

గోదావరి జిల్లాల కార్యకర్తలు ఇక్కడున్నారు కనుక అడుగుతున్నాను: పువ్వు అల్లే ఆమె, అతికే ఆమె ఒకచోట కూర్చుని తమ కూలిరేట్లు చెప్పుకునే చోటు మీ ఊళ్లో ఏదైనా ఉందా?