దత్తమండలాలు దత్తం కాకపోయి ఉంటే

జరిగిన చరిత్ర మరొక విధంగా జరిగి ఉంటే ఏమయ్యేదన్న ఊహ ప్రతి దేశంలోనూ ఉన్నది. చైనాను ఏలిన మింగు చక్రవర్తులు 1407లో వియత్నాం దేశాన్ని తమ రాజ్యంలో కలుపుకొన్నారు; ఇరవై యేండ్లకు, 1427లో, వదలిపోక తప్పలేదు. వారు పోకుండా నిలిచి ఉంటే? అటువంటి ప్రశ్న మన కడప, కర్నూలు సీమలకూ ఒకటి ఉన్నది.

1800 అక్టోబరు 12వ తేదీన నిజాం అలీఖానుకూ ఈస్టిండియా కంపెనీకీ సంధి కుదిరినది. కంపెనీ సైన్యాన్ని పోషించే ఖర్చు కింద, మైసూరు యుద్ధాల ఫలితంగా 1792లోనూ 1799లోనూ తనకు సంక్రమించిన సీమలను నిజాం కంపెనీకి ధారపోశాడు. కడప, కోవెలకుంట్ల, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు ఇందులో చేరినవి. కర్నూలు నవాబు మాత్రం 1839 దాకా నిలిచాడు. ఇచ్చినవాడు నిజాం, పుచ్చుకొన్నది కంపెనీ. నాగలి పట్టినవానిని అడిగినవారు లేరు.

ఆ సంధి జరగలేదనుకొందాం. అప్పుడు ఈ సీమ 1948 సెప్టెంబరు వరకు హైదరాబాదు సంస్థానంలో ఉండేది. కచేరీలలో పారసీ, ఆ పిమ్మట ఉర్దూ నడిచేవి. మన్రో దొర ఇక్కడ పాళెగాండ్రను అణచి రైతువారీ పద్ధతిని నెలకొల్పడం జరిగేది కాదు. నది కావల గద్వాల, వనపర్తి నిలిచినట్లే, మన పాళెగాండ్రలో కొందరు సంస్థానాధీశులై నిలిచేవారేమో! 1847లో కోవెలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఉరికంబం ఎక్కవలసిన అగత్యం ఉండేది కాదు. 1820లో బ్రౌను దొర ఉద్యోగరీత్యా కడపకు వచ్చే హేతువూ ఉండదు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యేది కాదు.

అయితే ఈ ఊహకు రెండు హద్దులున్నవి. మొదటిది, సైన్యపు బాకీ. అదే బాకీ కింద 1853లో నిజాం బేరారును కంపెనీకి అప్పగించవలసి వచ్చినది. కనుక 1800లో తప్పిన గండం తరువాతనైనా వచ్చి ఉండవచ్చును. రెండవది, వాన. మేఘాలకు సంధిపత్రాలు తెలియవు. తుంగభద్ర కావల రాయచూరు సీమ నిజాం ఏలుబడిలోనే ఉన్నది; 1876–78 నాటి మహాక్షామం దానినీ విడువలేదు, మనలనూ విడువలేదు.

అయినా పాలకుడు చేయగలిగినది లేకపోలేదు. ఆకాశం చేతిలో లేకున్నా పన్ను చేతిలో ఉన్నది. శిస్తులో నాలుగవ వంతు తగ్గించవలెనని మన్రో 1807లోనే వ్రాశాడు. పైవారు అప్పుడు వినలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరైన తరువాతనే అది నెరవేరినది. ఆ నడిమి సంవత్సరాలలో మెట్టరైతు పడిన బాధకు కారణం వాన ఒక్కటే కాదు.

దత్తమండలాలన్న పేరులో ఇచ్చినవాని దర్పమే గాని ఇక్కడి మనిషి జాడ లేదు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచింపగా ఆ పేరు పోయి రాయలసీమ అన్న పేరు నిలిచినది. 1800లో ఏమి జరిగి ఉండవలెనో ఇప్పుడు మనం నిర్ణయింపలేము. కాని, మన నేలను ఇంకెవరో ఇంకెవరికో ఇచ్చే కాలం పోయినది. ఇక మీదట ఈ నేలకు నీరు ఎంత, పన్ను ఎంత అన్న లెక్కలో మన మాట ఉండి తీరవలెను.