‘గదా’ అన్న మాట వెనక

(నిజామాబాద్‌లో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



బాధిత స్త్రీల వాంగ్మూలాలు ఎలా రాసుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను ఒక్క చిన్న మాట గురించే మాట్లాడతాను. అది ‘గదా’. పుస్తకాల్లో ‘కదా’ అని రాస్తాం. ఉర్దూ మాట్లాడే మన చెల్లెళ్లు ‘హై నా’ అంటారు. ఇంగ్లీషులోనైతే ‘ఇజింట్ ఇట్’, ‘డోంట్ యు’ అంటూ క్రియను బట్టి మారే తోక ప్రశ్నలున్నాయి. మనకు ఒక్క మాటతో పని జరిగిపోతుంది.

ఇటువంటి తోక ప్రశ్నలు స్త్రీల మాటల్లో ఎక్కువని, తన మాట మీద తనకే నమ్మకం లేనట్టు వినిపిస్తాయని 1975లో అమెరికన్ భాషా శాస్త్రవేత్త రాబిన్ లేకాఫ్ రాసింది. ఆడపిల్లల్ని అట్లా పెంచుతారన్నది ఆమె వాదన. 1984లో న్యూజీలాండ్ పరిశోధకురాలు జానెట్ హోమ్స్ సంభాషణల రికార్డులు పరిశీలించి వేరే సంగతి చెప్పింది. స్త్రీల తోక ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎదుటివాళ్లను మాటల్లోకి పిలవడానికి వచ్చినవే. సందేహంతో అడిగినవి మగవాళ్ల మాటల్లోనే ఎక్కువ.

బీడీల చాట ముందు కూర్చున్న వాళ్లకు ఇది కొత్త కాదు. ‘ఈసారి ఆకు తక్కువొచ్చింది గదనే?’ అని ఒకామె అంటే, ‘నాకు గూడ తక్కువే’ అని పక్కామె నోరు విప్పుతుంది. అదే కమీషన్‌దారు ‘జోకే ఇచ్చిన గదా?’ అంటే ఎవరూ మాట్లాడరు. మాట ఒకటే. ‘కాదు’ అంటే రేపు ఎవరి పని పోతుందన్నదే తేడా.

కోర్టులోనూ ఇంతే. జవాబును సూచించే ప్రశ్నలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో వేయడానికి 1872 నాటి సాక్ష్య చట్టం 143వ సెక్షన్ వీలిచ్చింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టమూ ఇస్తోంది. ‘నీ ఇష్టంతోనే తల్లిగారింటికి పోయినవు గదా?’ అంటాడు వకీలు. ఆమె కథంతా ఔను, కాదుల మధ్య ఇరుక్కుంటుంది.

వకీలును అనేముందు నా సంగతి చెప్పుకోవాలి. 2015లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చుట్టుపక్కల చెరుకు ఊళ్లలో తిరిగాను. ఒక పెద్దామెను ‘చెరుకు పైసలు మీ ఇంటాయన చేతికే వస్తుండె గదా?’ అని అడిగాను. ‘ఊఁ’ అన్నది. రాసుకున్నాను. రాత్రి రికార్డు వింటే వాక్యమంతా నాదే, ఆమెది ఆ ‘ఊఁ’ ఒక్కటే. సోషియాలజీలో డాక్టరేట్ ఉన్నదాన్ని మరి! మర్నాడు మళ్లీ వెళ్లి, ‘పైసలొచ్చిన దినం ఇంట్ల ఏమయితుండె పెద్దమ్మా?’ అన్నాను. కాసేపు ఊరుకుంది. ఆపైన అరగంట చెప్పింది. ముచ్చెలు నాటింది, కలుపు తీసింది తను. రసీదు మామ పేరు మీద. బిడ్డ పెండ్లికి కొంత దాయమన్నందుకు తిన్న దెబ్బలు. ఆ దెబ్బల సంగతి నా ప్రశ్నల కాగితంలో ఎక్కడా లేదు.

‘గదా’ మానేయమని నేననను. భయపడ్డ మనిషికి ‘మేమున్నం గదా’ అని చెప్పాల్సిందే. రాసుకునేటప్పుడు మాత్రం ‘ఏమైంది’, ‘అప్పుడెవరున్నరు’ అని అడిగి ఆగుదాం. ఆగడం కష్టం, నాకిప్పటికీ కష్టమే.

ఇప్పుడు మీరు తెచ్చిన ఫైళ్లు తీయండి. ‘ఊఁ’, ‘ఔను’ అని మాత్రమే ఉన్న ప్రతిచోటా, అక్కడ మనం అడిగిన ప్రశ్న ఏమిటో పక్కన రాద్దాం.